చిన్నబాపు సూర్యుని ముచ్చట

మొన్న బజారులో ఒకామె బండి మీద ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతుంటే, ఆ తడి పొట్టు వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అరవైల నాటి మా ఊరు కొత్తకోట, మా ఇంటి వాకిలి, మిరుగం వానలకు ముందటి మండుటెండలు, చెమటకు తడిసిన నేత చీరల కొంగులు, విత్తనానికి పల్లికాయ ఒలవడానికి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల నడుమ నిలబడి సూర్యుని గురించి ఉపన్యాసమిస్తున్న మా చిన్నబాపు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి.

చిన్నబాపు అంటే మా చిన్నాన్న, బాపుకు తమ్ముడు. హైదరాబాదులో ఫిజిక్సు చదివి, కలకత్తాలో సూర్యుని మీది మచ్చల గురించి పరిశోధన చేస్తుండేవాడు. ఇంట్లో కూర్చుంటే ఎంత మాట్లాడేవాడో, మంది ముందు నిలబడితే అంత మూగవాడయ్యేవాడు. ఆ ఎండాకాలం ఆయన సెలవులకు ఇంటికొస్తే, హైదరాబాదులో ఆయన చదివిన డిపార్ట్‌మెంటు వాళ్లే ఆయన్ను అతిథిగా పిలిచి, వచ్చి మీ పరిశోధన గురించి మాట్లాడమన్నారు. మాట నచ్చితే అక్కడే కొలువు దొరకొచ్చు. కొడుకు ఆ చేపల ఊరు విడిచి దగ్గరికొస్తాడని మా అవ్వకు ఒకటే ఆశ.

“మందిని సూస్తె భయమా? గీడ లేరా మంది?” అని పల్లికాయ ఒలిచేవాళ్ల ముందుకు ఆయన్ను తోసింది అవ్వ.

మొదటిరోజు ఆయన గోడను చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. అందరూ భక్తిగా విన్నారు. అందరిలోకీ గట్టి నోరున్న బాలమ్మ మాత్రం చివర్లో, “మంత్రం మంచిగున్నది గని అయ్యా, జర తెలుగుల చెప్పరాదు?” అంది. మర్నాటి నుంచి తెలుగు మొదలైంది. ఒక గంపకు బొగ్గుతో చుక్కలు పెట్టి నా తల మీద బోర్లించి, మెల్లగా తిరగమన్నాడు. సూర్యుడు తిరుగుతుంటే మచ్చలు ఒక అంచున మాయమై రెండో అంచున తేలడం అట్లా చూపించాడు. ఉత్సాహంలో నేను గిరగిరా తిరిగి, కళ్లు తిరిగి పల్లికాయ కుప్పలో పడ్డాను.

“సూర్యునికి మచ్చలా?” బాలమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఎండకాలమాయె, అమ్మతల్లి పోసి ఉంటది.”

అంతకుముందు ఆడవాళ్లు గింజలు నోట్లో వేసుకోకుండా అవ్వ వాళ్లతో పాటలు పాడించేది. ఉపన్యాసాలు వచ్చాక పాటలు ఆగాయి, దవడలు ఆడసాగాయి. విత్తనం తరుగుతున్నా అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది. పైగా మధ్యాహ్నం జొన్నరొట్టెల మీదికి ఇంత మామిడికాయ తొక్కు ఎక్కువే వేసి, “రేపు గూడ రాండ్రి” అనేది.

హైదరాబాదులో మాట్లాడాల్సిన రోజు రానే వచ్చింది. అవ్వ, బాపు, నేను కూడా ఆయనతో బస్సెక్కాం. డిపార్ట్‌మెంటు హాల్లో కోట్లు, కళ్లద్దాలు, సుద్దముక్కల వాసన. చిన్నబాపు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. పెద్ద ప్రొఫెసరు ఒకసారి దగ్గాడు. చిన్నబాపు పెదవులు తెల్లబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అవ్వ కొంగు సర్దుకొని లేచింది.

“ఓ పెద్దసారూ, జర ఆగుండ్రి. పొద్దుగాల్ల సంది పిలగాడు ఏం తినలే. ఇన్ని మంచినీళ్లన్న ఇయ్యుండ్రి.”

బాపు తలవంచుకున్నాడు. ఆ ప్రొఫెసరు మాత్రం తానే లేచి, కూజాలోంచి నీళ్లు వంచి తెచ్చి ఇచ్చాడు. హాలంతా నవ్వింది. చిన్నబాపు కూడా నవ్వి, గ్లాసు ఖాళీ చేసి, మా దిక్కు చూసి మొదలుపెట్టాడు: “సూర్యునికి మచ్చలున్నయి. గవి ఒక్కకాడ ఉండవు.” ఇక ఆగలేదు. కాసేపటికి ఎవరో గుర్తుచేస్తే గానీ తాను ఇంగ్లీషులో చెప్పాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇంగ్లీషులోకి మారినా నడుమ నడుమ “గట్లన్నట్టు” దొర్లుతూనే ఉంది. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక సారు అదేదో కొత్త శాస్త్ర పదమనుకొని రాసుకొని, చాయ తాగేటప్పుడు అర్థమేమిటని అడిగాడట.

కొలువు ఆ ఏడు రాలేదు. అవ్వ రెండుపూటలు అలిగి పడుకుంది. మరుసటేడు ఖాళీ పడగానే పిలిచారు. ఆయన పెట్టెతో వాకిట్లో దిగగానే బాలమ్మ అడిగిన మొదటి మాట, “సూర్యునికి నయమైందా అయ్యా?”

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఆ వాకిలి ఉన్న జాగాలో టైర్ల దుకాణం నడుస్తోంది. పోయిన నెల ఆ డిపార్ట్‌మెంటులో ఏదో అతిథి ఉపన్యాసం ఉందని తెలిసి, ఎందుకో వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. మాట్లాడింది ముప్పై కూడా నిండని ఒక చిన్నపిల్ల. తెర మీద రంగురంగుల బొమ్మలు మారుతున్నాయి, వినేవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను చివరిదాకా తలూపుతూనే ఉన్నాను. అయిపోయాక ఆ పిల్ల నేరుగా నా దగ్గరికే వచ్చి, నా తెల్లజుట్టు చూసి వినయంగా అడిగింది.

“మేడమ్, మీదే డిపార్ట్‌మెంటు?”

“కొత్తకోట,” అన్నాను.