గుండ్రంగా కోసిన ఫోము

నేను బాపట్లలో ముప్పై ఏళ్ళు పిల్లలకి క్రాఫ్టు పాఠాలు చెప్పాను. అట్ట కోయడం, థర్మాకోల్ కోయడం, గుడ్డ కత్తిరించడం, నాకు తెలిసిన విద్యలు ఇవే. క్రిస్మస్‌కి మా చర్చి వేదిక మీద పెట్టే నక్షత్రం ఏటా నా చేతిదే. అంచు గరుకుగా వస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. పక్కన ఎవరున్నారో చూడకుండా అరిచేస్తాను. కత్తి పట్టుకున్నప్పుడుండే నెమ్మది నోటికి లేదేంటని మా ఆవిడ ఆటపట్టించేది. ఉన్నమాటే.

ఆవిడ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. అప్పట్నుంచీ మంచమే. రెండు నెలలు గడిచేసరికి నడుం కింద, వెన్నుపూస చివర, రూపాయి బిళ్ళంత పుండు పడింది. ఇంటికొచ్చి కట్టు కట్టే నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచి, ఇది లోపలికి దిగిందంటే ఇక మన చేతుల్లో ఉండదండి అని చెప్పింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పమంది. కట్టు ఎలా మార్చాలో దగ్గరుండి నేర్పింది. తర్వాత కూతురి పురుడని మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళింది.

తిప్పడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. తిప్పిన ప్రతిసారీ విరిగిన తుంటి కదిలి ఆవిడ పళ్ళు బిగబట్టేది. ఆ మూలుగు నేను వినలేకపోయాను. అప్పుడు తగుదునమ్మా అని నా బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. పుండుకి ఏదీ తగలకుండా ఉంటే చాలు కదా, మధ్యలో కన్నం ఉన్న దిండు ఒకటి చేస్తే సరి అనుకున్నాను. ఆవిడని పక్కింటావిడకి అప్పజెప్పి, పొద్దున్న పాసింజరెక్కి తెనాలి వెళ్ళాను.

పరుపుల షాపతను రెండు రకాల ఫోము చూపించాడు. ఒకటి మెత్తటిది. వేలితో నొక్కితే అడుగు తగిలేది. రెండోది గట్టిది. ఎవరికండీ అని అడిగితే చెప్పాను. పేషెంటుకైతే మెత్తదే తీసుకోమన్నాడు. నేను రెండింటి మూలలూ కోసి చూపించమన్నాను. మెత్తదాని అంచు నలిగి పీచుపీచుగా లేచింది. గట్టిది జున్నుముక్కలా తెగింది. నేను గట్టిదే తీసుకున్నాను.

"చెయ్యి పెట్టి నొక్కొద్దు మాస్టారూ. నొక్కి కోస్తే చెయ్యి తీసినాక అంచు లోపలికి పోద్ది," అన్నాడతను కట్ట కడుతూ.

నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను. ఇంటికొచ్చి మొదటి ముక్క అరచేత్తో అదిమిపట్టే కోశాను. చెయ్యి తీసేసరికి అంచు మధ్యలో నడుములా సన్నబడింది. దాన్ని విసిరికొట్టి, రెండో ముక్కకి బుద్ధిగా కూర్చున్నాను. అన్నం తినే కంచం బోర్లించి ప్లైవుడ్ మీద ఒక గీత, లోపల గిన్నె పెట్టి ఇంకో గీత గీశాను. ఆ గీతల వెంట మధ్యలో కన్నమున్న చక్రాలు రెండు కోసి, వాటి మధ్య ఫోము పెట్టి, నలగకుండా, కదలకుండా ఉండేంతవరకే బిగించాను. కేకులు కోసే పొడవాటి కత్తికి కొత్తగా సాన పట్టించి, సబ్బునీళ్ళలో ముంచి, నిటారుగా నిలబెట్టి, చెక్క అంచు వెంట నిదానంగా పైకీ కిందకీ లాగాను. గంటన్నర పట్టింది. చెక్కలు విప్పితే ఎక్కడా ఒక్క పీచు లేదు. వేలు పెట్టి చుట్టూ తిప్పితే అద్దం అంచు మీద తిప్పినట్టుంది. ఆవిడ మంచం మీదనుంచి అంతా చూస్తూనే ఉంది. చాలా బాగా కుదిరిందంది. నేను ఉబ్బిపోయి తెల్ల గుడ్డ తొడిగి, పుండు సరిగ్గా కన్నం మీదకి వచ్చేలా ఆవిడ కింద అమర్చాను.

మర్నాడు కాఫీ తాగుతూ, కొంచెం గట్టిగా ఉన్నట్టుందండీ, అంది. ఇంత కష్టపడి చేస్తే దీనికీ వంకలేనా, రెండ్రోజులు ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది అని కసిరాను.  ఆవిడ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాటెత్తలేదు.

చర్చి నుంచి స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకి వచ్చారు. మా వాళ్ళలో రోగిని చూడ్డానికొస్తే ముందు ప్రార్థన, తర్వాత పక్క సర్దడం, ఆ తర్వాత సలహాలు. పక్క సర్దుతూ దిండు చూసి అందరూ మెచ్చుకున్నారు. ఒకామె వాళ్ళత్తగారికీ ఒకటి కోసిపెట్టమంది. నేను ఎలా కోశానో మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. కంచం, గిన్నె కూడా తెచ్చి చూపించాను. అంతసేపూ మా ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

రేపల్లె నుంచి మా ఆవిడ అక్కగారు వచ్చి రెండు రోజులున్నారు. పెద్దామె దిండు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశారు. మరిదిగారూ, దీనికన్నా పాత బొంత నయమేమో అన్నారు. నేను నవ్వేసి, వదినగారికి బొంతలు కుట్టడమే తెలుసు అన్నాను. ఆమె చెల్లెలి వైపు చూశారు. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం ఎందుకో నేను అడగలేదు.

దిండు ఉంది కదా అని తిప్పడం తగ్గించాను. రెండు గంటలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. కట్టు మార్చేటప్పుడు పుండు చుట్టూ గుండ్రంగా ఎర్రటి గీత కనిపించింది. ఎండాకాలం కదా, చెమటకాయలని పౌడరు చల్లాను. వారం తిరిగేసరికి ఆ ఎరుపు నల్లగా మారింది. పుండు నల్లబడితే పక్కు కడుతున్నట్టే అనుకుని సంతోషించాను, నా బొంద. గదిలో ఒక వాసన మొదలైంది. మందు వాసనన్నాను, పక్కింటి కాలవ అన్నాను, కిటికీలు తీసి పెట్టాను. ఆవిడ అన్నం సగానికి వచ్చింది, తర్వాత నాలుగు ముద్దలకి వచ్చింది. నాకు భయంగానే ఉండేది. భయం వేసినప్పుడల్లా దిండు బయటికి తీసి, గుడ్డ మార్చి, మళ్ళీ సరిగ్గా అమర్చేవాణ్ణి.

నర్సమ్మ సెలవు అయిపోయి వచ్చింది. ఆవిడని పక్కకి తిప్పి కట్టు విప్పి చూసింది. దిండు లాగి గుమ్మం బయట పెట్టి వచ్చింది. ఎవరు పెట్టమన్నారండీ ఇది అని అడిగింది. నేనే కోశానన్నాను.

"బరువంతా ఈ అంచు మీదే పడిందండి. చుట్టూ నొక్కేస్తే మధ్యలోకి రక్తం ఎట్టా వెళ్ళుద్ది మాస్టారూ? గట్టి ఫోమైతే మరీను."

గొంతు కూడా పెంచలేదు.  అప్పుడు చూశాను. ఆవిడ ఒంటి మీద నల్లటి గీత ఎక్కడా వంకర లేకుండా, నేను గిన్నె పెట్టి గీసినంత గుండ్రంగా ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పుండు ఎముక దాకా వెళ్ళిందని, విషం రక్తంలో కలిసిందని చెప్పారు. ఒక మధ్యాహ్నం జ్వరం కాస్త తగ్గి తెలివిగా ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని, అంత నొప్పి పెడుతుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. అరుస్తానని భయపడ్డావా అన్నాను. అడుగుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"మీ అరుపులకి భయపడేదాన్నయితే నలభై ఏళ్ళు కాపురం చేస్తానా అండీ," అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను పడ్డాక మీరు నవ్వింది ఆ ఫోము కోసిన రోజే. తీసేయమని ఎలా చెప్పను?"

నేను చెయ్యి పట్టుకున్నాను. నీళ్ళు అడిగితే స్పూనుతో పోశాను. ఆ తర్వాత పదకొండు రోజులు ఉంది.