భూమయ్య బస్సులో ముందు సీటు

చీకట్లో భూమయ్య నవ్వితే పళ్ళు తప్ప ఇంకేమీ కనపడవని మా ఆవిడ సూర్యకుమారి అనేది. చాటున కాదు, అతని ఎదుటే అనేది. అతను ఇంకా పెద్దగా నవ్వి, ఇంటి దగ్గర తన పెళ్ళాం శాంతమ్మ కూడా సరిగ్గా ఇదే మాట అంటుందని చెప్పేవాడు. నలుపంటే మనవాళ్ళకి ఎంత చులకనో అతనికి తెలుసు. పెళ్ళిచూపుల్లో ఇద్దరు పిల్లలు తనని వద్దన్నారని, మూడో పిల్లకి చూపు సరిగా ఆనదు కాబట్టి ఒప్పుకుందని వేళాకోళంగా చెప్పేవాడు. శాంతమ్మ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని మాకు తరవాత తెలిసింది.

భూమయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్ళో అద్దె జీపు నడిపేవాడు. ఒమాన్‌కి మాత్రం సైట్లో లేబర్‌గా వచ్చాడు. సిమెంటు మోస్తూనే లైసెన్సు కోసం తిరిగాడు. అక్కడి పరీక్షలో డ్రమ్ముల మధ్య బండిని వెనక్కి నడపాలి. ఎన్నిసార్లు ఆ డ్రమ్ముల్ని గుద్దాడో అతనికే గుర్తులేదు. చివరికి పాసయ్యాడు. కంపెనీ అతన్ని నిజ్వాలో మా కాలేజీ బస్సు మీద డ్యూటీకి వేసింది. నేను ఆ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇది తొంభైల మొదట్లో మాట. శుక్రవారం మధ్యాహ్నం భూమయ్య మా ఇంట్లో పప్పన్నం తినేవాడు. తిన్నందుకు ప్రతిగా వారమంతా బస్సులో జరిగిన కబుర్లన్నీ చెప్పేవాడు.

అలా ఒక శుక్రవారం, ఫుట్‌బాల్ జట్టులో ఒక గొప్పింటి బిడ్డ ఉన్నాడని చెప్పాడు.

"సారూ, పెద్ద అర్బాబ్ కొడుకే అయివుంటడు. ఎప్పుడు జూడు, మ్యాచ్ అయినంక ముందర సీటు ఆయనదే" అన్నాడు.

అర్బాబ్ అంటే అక్కడి పనివాళ్ళ భాషలో యజమాని. ముందు సీటుకీ యజమానికీ ముడి ఎలా పడిందంటే, అది భూమయ్య జీవితమంతా చూసిన సంగతి. వాళ్ళ ఊరి జీపులో డ్రైవర్ పక్క సీటు సర్పంచిది, కాకపోతే పెళ్ళికొడుకు మేనమామది, కాకపోతే అలిగిన అల్లుడిది. మిగిలిన జనమంతా వెనక ఒకరి ఒళ్ళో ఒకరు. ఒమాన్‌కి వచ్చాకా అదే చూశాడు. సైట్ పికప్పులో ముందు చల్లగా ఫోర్‌మన్, వెనక ఎండలో లేబర్. ముందు సీటు పెద్దవాడిదన్నది భూమయ్యకి వేదవాక్కు.

కానీ మా కోచ్ నియమం వేరు. ఆటలో తప్పు చేసినవాడు తిరుగు ప్రయాణంలో జట్టుతో కూర్చోకూడదు. వెనక అందరూ సీట్లమీద దరువు వేస్తూ పాటలు పాడుతుంటే వాడు ముందు, డ్రైవర్ పక్కన, ఒంటరిగా కూర్చోవాలి. అది శిక్ష, నాకూ తరవాతే తెలిసింది. జట్టులో ప్రతివాడికీ తెలుసు. డ్రైవర్‌కి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. డ్రైవర్‌కి ఎవరు చెబుతారు లెండి.

ఆ శిక్ష ఎప్పుడూ ఒకడికే పడేది. పేరు జుమా. బర్కా అనే ఊరి కుర్రాడు. వాళ్ళ తాతముత్తాతలు ఆఫ్రికా తీరాన జంజిబార్‌లో ఉండి, డెబ్బైలలో ఒమాన్‌కి తిరిగొచ్చిన కుటుంబం. మనిషి తాడిచెట్టంత, నల్లగా నిగనిగలాడుతూ ఉండేవాడు. డిఫెండర్‌గా గోల్ ముందు అడ్డంగా నిలబడి ఆడేవాడు. పెనాల్టీ గీత దగ్గర పదిమంది తోసుకుని ఒకడు పడ్డాడనుకోండి, రిఫరీ కళ్ళు నేరుగా జుమా మీదికి పోయేవి. రిఫరీ కళ్ళ వెంట కోచ్ కళ్ళు. తెల్లగా సన్నగా ఉన్న కుర్రాడు మోచెయ్యి విసిరితే వాడిలో పౌరుషం ఉందనేవారు. అదే జుమా ఊరికే పక్కన నిలబడితే వాడిలో కోపం ఉందనేవారు. కోచ్ చెడ్డవాడు కాడు. పిల్లలకి తన జేబులోంచి బూట్లు కొనిచ్చిన మనిషి. అయినా చూపు ఒకసారి ఒకవైపు అలవాటు పడితే మంచివాళ్ళకి కూడా తిప్పుకోవడం కష్టం. మనం మాత్రం తక్కువ తిన్నామా, పెళ్ళి ప్రకటనల్లో "ఎర్రని పిల్ల" అని రాయించే జాతి మనది.

భూమయ్యే చెప్పాడు, మొదటిరోజు జుమా పక్కన కూర్చుంటే గుండె జారిందట. అంత నల్లటి మనిషిని అంత దగ్గరగా చూడలేదట. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు. ఆ వెంటనే ముందు సీటు గుర్తొచ్చి, ఓహో పెద్దమనిషి అని సర్దుకున్నాడు. మిగతావాళ్ళు రంగు చూశారు, భూమయ్య సీటు చూశాడు. మనిషిని చూసినవాడు అప్పటికి ఎవడూ లేడు.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. జుమా ఎక్కేలోపు సీటు తుడిచేవాడు. చల్లగాలి అతని వైపు తిప్పేవాడు. ఊరినుంచి ఎవరో తెచ్చిచ్చిన శాంతమ్మ సకినాలు, మాకు కూడా చూపించకుండా, అతనికి పెట్టేవాడు. చిన్న అర్బాబ్ అని పిలిచేవాడు. ఒకరోజు ధైర్యం చేసి, మీ నాన్నతో చెప్పి మా రూమ్‌లో ఏసీ బాగుచేయించమని అడిగాడు. జుమా నవ్వి ఊరుకున్నాడు. ఆ శుక్రవారం పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రూమ్‌కి వచ్చాడు. కాలేజీలో అతను నేర్చుకునేది ఆ పనే. చెమటలు కక్కుతూ ఏసీ విప్పి, కడిగి, బిగించి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఎంత ఉన్నవాళ్ళైతే అంత అణకువ అని భూమయ్య మా ఆవిడ దగ్గర పొంగిపోయాడు. జుమా తండ్రి బర్కాలో ఒక గ్యారేజీలో మెకానిక్కని మాలో ఎవరికీ తెలియదు.

ఆ చలికాలం షినాస్‌లో సెమీఫైనల్ పడింది. జట్టుతో వెళ్ళాల్సిన మేస్టారు సెలవులో ఉంటే నన్ను పంపారు. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది తక్కువ, బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకు తెలుసు. గురువారం పొద్దున ఆట. మావాళ్ళు గెలుస్తున్నారు. కాసేపట్లో అయిపోతుందనగా మైదానం అవతలి చివర గలాటా లేచింది. అవతలి జట్టు కుర్రాడు మూతి పట్టుకుని పడిపోయాడు. అందరూ కలబడ్డారు. దుమ్ములో అందరికంటే ఎత్తుగా కనపడింది జుమా ఒక్కడే. రిఫరీ ఎర్ర కార్డు అతనికే చూపించాడు. ఎవరు కొట్టారో నాకైతే కనపడలేదు.

ఆట గెలిచారు. బస్సు దగ్గర కోచ్ జుమాని నిలబెట్టి, ముందు సీటు చూపించాడు. మస్కట్ ఫైనల్‌కి నువ్వు లేవు, ఇకమీదట జట్టులోనే లేవు అన్నాడు. జుమా తన సంచీ తీసుకుని వెళ్ళి ముందు కూర్చున్నాడు. అరబ్బీలో జరిగిన ఆ మాటలేవీ పట్టని భూమయ్య అప్పటికే సీటు తుడిచి సిద్ధంగా ఉన్నాడు.

బర్కాలో చాయ్ కోసం ఆపాం. దుకాణం పక్కన ఖర్జూరపు తోట గోడనీడలో నిలబడి తాగుతున్నాను. జుమా తన సంచీ పట్టుకుని దిగాడు. మా ఇల్లు ఇక్కడే, నేను ఉండిపోతాను, ఇక కాలేజీకి రాను అని భూమయ్యతో అన్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది గల్ఫ్ హిందీ. నాకు బాగానే అర్థమైంది.

భూమయ్య తెల్లబోయాడు. చిన్న అర్బాబ్‌ని కాలేజీ వద్దనేవాడు ఎవడని అడిగాడు. అప్పుడు చెప్పాడు జుమా. తాను ఏ అర్బాబ్ కొడుకూ కాదని, ఆ సీటు తప్పు చేసినవాళ్ళదని, కోచ్ తనని జట్టులోంచి తీసేశాడని. భూమయ్య చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది.

"నువ్వు కొట్టినవా?" అని అడిగాడు.

"లేదు. విడదీశాను."

"మరి సాబ్‌కు చెప్పలేదేంది?"

"ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు జుమా. ఆగి, నేల చూస్తూ, "మొదట్లో చెబుదామనుకునేవాణ్ణి. కానీ ముందుకొచ్చి కూర్చుంటే నువ్వు నన్ను గొప్పవాడిలా చూసేవాడివి. అందుకని చెప్పకుండానే వచ్చి కూర్చునేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట విని భూమయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తాను పెట్టిన మర్యాదే ఆ కుర్రాడి నోరు కట్టేసిందని అతనికి తెలిసిపోయింది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఒక డ్రైవర్ కోచ్‌తో ఏం వాదిస్తాడు. కోపమొస్తే కంపెనీకి ఫోన్ చేస్తారు, వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కిస్తారు. అవన్నీ అతనికి నాకంటే బాగా తెలుసు.

గ్లాసు కింద పెట్టి బస్సు వెనక్కి వెళ్ళాడు. స్టెప్నీ విప్పి దొర్లించుకుంటూ వచ్చాడు. ఆయాసపడుతూ దాన్ని ముందు సీట్లోకి ఎక్కించి తాడుతో కట్టాడు. తరవాత జుమా చేతిలో సంచీ లాక్కుని, వెనక కుర్రాళ్ళ మధ్య ఖాళీ సీట్లో పెట్టి వచ్చాడు.

కోచ్ వచ్చి ఇదేమిటన్నాడు. సీటు ఖాళీ లేదని చెప్పాడు భూమయ్య. తీసెయ్యమన్నాడు కోచ్. భూమయ్య తాడు ముడి మీదినుంచి చెయ్యి తీయలేదు. నావైపు తిరిగి, "సారూ, మీరు జర ఇంగ్లీషుల చెప్పుండ్రి" అన్నాడు.

"మా దిక్కు గీ సీట్ల పెద్దోళ్ళు కూసుంటరు. ఇన్నొద్దులు గీ పిలగాన్ని నేను పెద్దోడనే కూసోబెట్టుకున్న. తప్పు జేసినోడని నా పక్కకు కూసోబెట్టుకోను. కొట్టినవా అని సాబ్‌ను ఒక్కసారి అడగమనుండ్రి. కొట్టిన అంటే నేనే టైరు దించుత."

నేను ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. కోచ్ మొహం ఎర్రబడింది. బస్సులో దరువు ఆగిపోయింది. కోచ్ టైరునీ భూమయ్యనీ చూసి, తలుపు దగ్గర నిలబడ్డ జుమా వైపు తిరిగాడు.

"నువ్వు కొట్టావా?"

"లేదు" అన్నాడు జుమా.

అంతే. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. వెనకనుంచి కెప్టెన్ వహీద్ లేచాడు. తెల్లగా, అందంగా, అందరి ముద్దులూ మూటగట్టుకున్న పిల్లాడు. కొట్టింది తానేనన్నాడు. తల దించుకుని ముందు సీటు వైపు నడిచాడు. అతన్ని కూడా చులకన చేయను. అడిగేదాకా చెప్పలేదన్నది నిజమే, అడిగింది అతన్ని కాకపోయినా చెప్పాడన్నదీ నిజమే.

కోచ్ చెయ్యి అడ్డంపెట్టి వహీద్‌ని ఆపాడు. వెనక్కి వెళ్ళి కూర్చోమన్నాడు. జుమాని కూడా ఎక్కమన్నాడు. భూమయ్య స్టెప్నీ విప్పబోతే, "ఉండనీ" అన్నాడు.

తరవాత సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఎర్ర కార్డు గురించి కోచ్ తానే టోర్నమెంటు పెద్దల దగ్గరికి వెళ్ళి మాట్లాడి జుమాని ఫైనల్‌కి తెచ్చుకున్నాడు. వహీద్‌ని సగం ఆట బయట కూర్చోబెట్టాడు. భూమయ్య మీద ఎవరూ కంపెనీకి ఫోన్ చేయలేదు. ఫైనల్‌లో మావాళ్ళు ఓడిపోయారు, అది దాచడం ఎందుకు. భూమయ్య ఇంకో ఆరేడేళ్ళు ఆ బస్సే నడిపి, దర్జాగా ఇంటికెళ్ళాడు. ఇప్పుడు శాంతమ్మ పక్కన కూర్చుని ఊరందరి జీపుల్నీ విమర్శిస్తూ ఉంటాడు.

అయితే నాకు బాగా గుర్తున్నది ఫైనల్ కాదు, ఫైనల్‌కి బయల్దేరిన పొద్దు. ఎవరూ పంపకపోయినా నేను కూడా వెళ్ళాను. అందరూ ఎక్కారు. ముందు సీట్లో స్టెప్నీ అలాగే ఉంది. వెనక జట్టు మధ్య జుమా కూర్చున్నాడు, పక్కవాడు అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. భూమయ్య అద్దంలో అది చూసి సంతోషపడ్డాడు. సంతోషంతో పాటు కొంచెం వెలితిగా కూడా ఉన్నట్టుంది, మొహం దాచుకోవడం అతనికి ఎప్పుడూ రాదు.

తాళం తిప్పబోతుండగా జుమా లేచి ముందుకొచ్చాడు. తాడు విప్పి, స్టెప్నీని రెండు చేతులా ఎత్తి వెనక నడవాలోకి దించి, ఆ సీట్లో కూర్చున్నాడు. భూమయ్య హడలిపోయి అద్దంలో కోచ్ వైపు చూశాడు.

"మళ్ళ ఏం జేసినవ్? ఎవరు పంపిండ్రు?" అన్నాడు హిందీలో.

"ఎవరూ పంపలేదు" అన్నాడు జుమా. "నేనే వచ్చాను."

భూమయ్య చల్లగాలి అతని వైపు తిప్పాడు. చిన్న అర్బాబ్ అన్న పిలుపు ఇక నోటికి రాలేదు. హిందీ కూడా రాలేదు.

"కూసో తమ్మీ" అని బండి కదిలించాడు.