పుట్టింటి పేరుకు గడి లేదు

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వానాకాలం. కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరి నాకు అయిదో నెల నడుస్తోంది. ఆరు నెలలు నిండాక ఉంచుకునేదీ పంపేసేదీ తేలుస్తారు. టెస్టర్ అంటే ఇతరులు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే మనిషి. ఆ తప్పును బగ్ అంటారు. అత్తగారు కోడలి వంటను చూసే చూపుతో కంప్యూటర్‌ను చూడాలన్నమాట.

నాది పెన్‌గంగ నదికి అవతల, మహారాష్ట్రలో ఒక పల్లె. పెళ్లయి నదికి ఇవతల, ఆదిలాబాద్ జిల్లా బోథ్ వచ్చేనాటికి తెలుగులో ఒక్క అక్షరం రాదు. మా ఆయనకు రైస్‌మిల్లులో పని దొరికి కరీంనగర్ మారాక, కూతురి ఒకటో తరగతి పుస్తకం ముందేసుకుని అఆలు దిద్దాను. ఓపెన్ డిగ్రీ, అందులో ఇంగ్లిష్ పేపరు రెండుసార్లు తప్పడం, ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు. మొత్తం ఎనిమిదేళ్లు పట్టింది. క్లాసులో పిల్లలు "ఆంటీ" అని పిలుస్తుంటే ఒళ్లు మండేది. అయినా ఒక్కరోజు మానలేదు. ఇంత చేసి కూడా ఆఫీసులో మాత్రం నేను ఎక్కడిదాన్నో చెప్పలేదు. యాస గురించి ఎవరైనా అడిగితే నెపం బోథ్ మీద వేసేదాన్ని.

గర్భిణుల బాగోగులు చూసే ఒక స్వచ్ఛంద సంస్థ కోసం మా వాళ్లు యాప్ తయారు చేశారు. పాత రిజిస్టర్లలోని వివరాలన్నీ అందులోకి ఎక్కించారు. పేరు కొడితే ఆమె వెనకటి కాన్పుల సంగతి కనబడాలి. సోమవారం రిలీజ్, అంటే పల్లెల్లో వాడకానికి ఇచ్చేయడం. అంతకుముందు ఒకసారి అక్కడే వాడి చూసి రమ్మని మా టీమ్ లీడ్ సల్మా నన్ను బోథ్ వైపు పంపింది. ఆ ప్రోగ్రామ్ రాసింది కూడా తనే.

నిర్మల్ దాటాక బస్సు కిటికీకి తల ఆనించాను. సన్నటి తుంపర. ఘాట్ మలుపుల్లో మబ్బు చెట్ల మీదికి దిగి, లోకమంతా ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీరలా ఉంది. నిద్ర కాదు, మెలకువా కాదు. ఎవరో "రేఖా" అని పిలిచినట్టయింది. అచ్చం మా అమ్మ గొంతు. కళ్లు తెరిచి చూస్తే బస్సంతా కునుకుతోంది. నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు నదికి ఇటువైపు ఎవరూ లేరు. మా వాళ్లలో పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో పెళ్లికూతురికి కొత్త పేరు రాస్తాడు. అలా నేను శుభాంగినయ్యాను. మళ్లీ పిలుస్తుందేమోనని కాసేపు పిచ్చిదానిలా ఎదురుచూశాను.

నన్ను పంపిన పల్లెలో ఆరోగ్య కార్యకర్త గంగుబాయి. ఆమె వసారాలో గర్భిణులు కూర్చున్నారు. "వైశాలీ" అని పిలిచింది గంగుబాయి. ఏడో నెల అమ్మాయి ఒకతె వానను చూస్తోంది. మళ్లీ పిలిచినా పలకలేదు. పక్కనున్న అత్త మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడింది. ఆ పేరు కొడితే యాప్‌లో ఏమీ రాలేదు.

"మొదటి కాన్పు ఎట్లైంది?" అని అడిగింది గంగుబాయి.

"మంచిగనే అయింది, తల్లిగారింట్ల" అని అత్తే జవాబిచ్చింది. గంగుబాయి మామూలు కాన్పు అని నమోదు చేసుకుంది.

పిలిస్తే పలకకపోవడం నాకు తెలుసు. పెళ్లయిన చాలాకాలం వరకు శుభాంగి అంటే ఎవరో పక్కింటావిడ అనుకునేదాన్ని. ఆ అమ్మాయి దగ్గరికి జరిగి, పుట్టింట్లో నిన్నేమని పిలిచేవారని మరాఠీలో మెల్లగా అడిగాను. ముఖం వెలిగిపోయింది.

"సునీత."

సునీత అని కొట్టాను. నాలుగూళ్ల అవతలి రిజిస్టర్లో, అదే పుట్టినతేదీతో ఉంది. మొదటి కాన్పు ఆపరేషన్. నెత్తురు చాలా పోయిందని కూడా రాసుంది.

గంగుబాయి తల పట్టుకుంది. "గింత ముచ్చట చెప్పకపోతివి బిడ్డా!"

"నన్నెవరు అడిగిన్రు తాయీ?" అంది ఆ పిల్ల, తల దించుకుని. తాయీ అంటే మరాఠీలో అక్క.

మొదటి కాన్పు పుట్టింట్లో. అక్కడ అందరి నోటా పాత పేరే, రిజిస్టర్లోనూ అదే. అత్తింటికి వచ్చాక కొత్త పేరు. యాప్ దృష్టిలో వాళ్లు ఇద్దరు మనుషులు. పెన్‌గంగ ఒడ్డు పల్లెల్లో ఇలాంటి సునీతలు ఇంకెందరో ఉంటారు.

మర్నాడు ఆఫీసులో బగ్ రాసి పెట్టాను. గంటలో వెనక్కి వచ్చింది. "నాట్ ఎ బగ్", అంటే ప్రోగ్రామ్ అనుకున్నట్టే పనిచేస్తోందని. అంతకుముందు నేను రాసిన మూడూ అలాగే వెనక్కి వచ్చాయి. లేచి సల్మా దగ్గరికి వెళ్లాను.

"అక్కా, పెండ్లైతే ఇంటిపేరు మారుతదని నాకెరుకే, దానికి కోడ్ రాసిన. అసలు పేరే మారుతదా? గట్ల ఎవలకైతది?"

"నాకైంది" అన్నాను.

ఆమె కుర్చీ ఇటు తిప్పింది. ఫోన్‌లో నా పదో తరగతి సర్టిఫికెట్ చూపించాను, రేఖ. ఆధార్ చూపించాను, శుభాంగి. ఇద్దరూ ఒకరేనని ప్రతి పరీక్షకూ అఫిడవిట్ పట్టుకుని తిరిగినదాన్ని.

"నేను గిక్కడిదాన్ని కాదు సల్మా, నది అవతల నుంచి వచ్చిన. సోమవారం గిది పోతే, ఆపరేషన్ అయినోళ్లను కూడా ఏం కాలేదని రాసుకుంటరు. నన్ను తీసేస్తే తీసెయ్యి, గిది మాత్రం ఆపు."

భయం లేదని అబద్ధమాడను, ఆ ఉద్యోగం కోసం ఎనిమిదేళ్లు పెట్టాను.

సల్మా నా ఫోన్ తీసుకుని ఆ రెండు పేర్లనూ మళ్లీ చదివింది. "నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె అక్కా? ఫికర్ చెయ్యకు" అని తన ఫోన్ తీసి, సంస్థవాళ్లను వారం గడువడిగింది. ఫారంలో పుట్టింటి పేరుకు ఒక గడి పెట్టి, రెండు పేర్లతోనూ వెతికేలా మార్చింది. దాన్ని పరీక్షించడం నా వంతు. తెర మీద ఆడవాళ్ల పాత పేర్లు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే, పనిలో ఉన్నానో కలలో ఉన్నానో తెలియలేదు. ఒక్కో పేరునూ పైకి వినబడకుండా పిలిచాను.

ఉద్యోగం నిలిచింది. ఫారంలో తప్పుగా ఉన్నదాన్ని ఎవరైనా పట్టుకుంటారు. అసలు లేనిదాన్ని పట్టుకోవాలంటే, అది లేక అవస్థపడ్డ మనిషి ఆ గదిలో ఉండాలి, ఉన్నానని చెప్పాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే.

రెండు నెలల తర్వాత గంగుబాయి ఫోన్ చేసింది. సునీతను ముందే ఆదిలాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారట. ఆపరేషన్ చేశారు, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. పాపకు పేరు పెట్టారా అని అడిగాను.

"ఇంక పెట్టలే. ఏ పేరు పెట్టినా మంచిదేనట, బిడ్డ పెండ్లిల మాత్రం మార్చనియ్యదట" అంది గంగుబాయి. "గా సునీతనే అన్నది తాయీ, అత్త ముంగటనే."