డాక్టర్లకు నేను పెట్టిన పరీక్ష

డాక్టరు దగ్గర రోగం పేరెత్తకుండా చెయ్యి చాపి కూర్చోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మా ఊరి వైద్యుడు నాడి పట్టుకుని నిన్న ఏం తిన్నామో కూడా చెప్పేవాడు. ఇంతింత చదువులు చదివినవాళ్ళకు మనం చెప్పాలా? అదీ నా కోపం.

మొన్న వేసవిలో లేచి నిలబడితే చాలు, కళ్ళు తిరిగేవి. రొంపిచెర్లలో బస్సు దిగుతూ పడబోయాను. మా ఆవిడ పట్టుబట్టి నరసరావుపేటలో కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎప్పటిలాగే చెయ్యి చాపాను.

"ఏంది తాతా, ఏమైంది?"

"నువ్వే చెప్పమ్మా."

"చెప్పి చావరాదూ!" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వుతూనే బీపీ చూసింది. "మరీ పడిపోయిందే! ఏం మందులు వాడుతున్నావు?"

మా ఆవిడ నా జేబులోంచి రెండు మందు బిళ్ళల అట్టలు తీసి బల్ల మీద పడేసింది. ఒకటి గురజాల డాక్టరు రాసింది, రెండోది మాచర్ల డాక్టరు రాసింది. ఎవరు గట్టివాడో చూద్దామని, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు.

"ఇద్దరికీ పరీక్ష పెట్టావా తాతా? ఇద్దరూ పాసయ్యారులే. పేర్లే వేరు, రెండూ ఒకటే బీపీ బిళ్ళ. రెండూ మింగితే కళ్ళు తిరక్క ఏం చేస్తాయి?"

ఒకటి మాన్పించింది. వారంలో కళ్ళు తిరగడం ఆగింది. మళ్ళీ వెళ్ళినప్పుడు అడగకముందే నా బాధలన్నీ ఏకరువు పెట్టాను. మోకాళ్ళ దాకా రాగానే, "చాల్లే తాతా, బయట చానామంది ఉన్నారు" అంది.

చెప్పకపోయినా తప్పే, చెప్పినా తప్పే! అయినా నెలనెలా ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్తున్నాను.