గోలలో కలిసిపోయిన పాట

కోమిజా అనే దీవి ఊరి రేవులో పడవలు బాగుచేసే వ్యెకోకి చెవులు ఒక్కరోజులో పోలేదు. వయసంతా ఇనప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్యే గడిపాడు. చెవిలో పెట్టుకునే పాత మిషను ఒకటుండేది. గాలినీ, గిన్నెల చప్పుడునీ, మనుషుల మాటనీ అన్నిటినీ ఒకే తీరున పెద్దవి చేసి చెవిలో కుమ్మరించేది. దానితోనే ఊరి క్లాపా బృందంలో మంద్రం పాడేవాడు. క్లాపాకి వాయిద్యాలుండవు. మగవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, అర్ధచంద్రంగా నిలబడి పాడతారు. కింది గొంతు గట్టిగా నిలిస్తేనే పైగొంతులు లేస్తాయి. ఆ కింది గొంతు వ్యెకోది.

ఆ మిషను పాడైంది. విడిభాగాలు రావడం లేదన్నారు. భార్య నెవెంకా అతన్ని ఓడలో స్ప్లిట్ పట్నానికి తీసుకెళ్లి కొత్తది కొనిపించింది.

"ఇది చాలా తెలివైనది పెద్దాయనా," అంది దుకాణంలో అమ్మాయి. "దీన్లో ఏఐ ఉంది. ఏది మాటో ఏది గోలో అదే కనిపెడుతుంది. గోల తీసేసి మాట మాత్రం మీకు వినిపిస్తుంది."

మొదట్లో పండగే అనిపించింది. "ఈ ముసలాడికి చెప్పేకంటే గాడిదకి చెప్పడం నయం," అని నెవెంకా వంటింట్లో గొణుక్కుంటే, "గాడిద వింటోందే!" అని ముందుగదిలోంచి కేకేశాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

శుక్రవారం సాధనకి వెళ్లాడు. బృందానికి పెద్ద దూయే, వ్యెకోకి చిన్ననాటి నేస్తం. అతను పాట ఎత్తుకుని స్వరాన్ని పొడుగ్గా నిలిపాడు. వ్యెకో చెవిలో ఆ స్వరం వణికింది, నీళ్లలో మునిగినట్టయింది, ఆపైన లేకుండా పోయింది. అందరూ గొంతు కలిపేసరికి మరీ అన్యాయం. ఎదురుగా నోళ్లన్నీ తెరుచుకునే ఉన్నాయి. చెవిలో మాత్రం ఎవరో దూరాన మూలుగుతున్నట్టుంది.

"ఏరా, మంద్రం పాడమంటే మేకలా అరుస్తావేం?" అన్నాడు దూయే. అందరూ నవ్వారు. వ్యెకో కూడా నవ్వాడు.

మిషను తీసేసి పాడి చూశాడు. అప్పుడు అంతా నిశ్శబ్దం. ఏ గొంతునీ పట్టుకోలేకపోయాడు.

మళ్లీ స్ప్లిట్ వెళ్లాడు. ఆ అమ్మాయి ఫోనులో ఏదో నొక్కి 'సంగీతం' అని పెట్టింది. కాసేపు బాగానే ఉంది. తర్వాత మిషను తనంతట తానే మళ్లీ 'మాట'కి మారిపోయింది.

"దీని తెలివి ఆపేసే మీట లేదా అమ్మా?"

"లేదు పెద్దాయనా. ఇప్పుడొచ్చేవన్నీ ఇంతే, పాత రకం ఎవరూ చెయ్యట్లేదు. మీకేం కావాలో అదే నేర్చుకుంటుంది."

"నాకేం కావాలో నేను చెబుతున్నాగా!"

ఆ పిల్ల మంచిదే. కంపెనీ నెంబరిచ్చింది. ఇంటికొచ్చి ఫోను చేస్తే యంత్రమే పలికింది. "నమస్కారం. మీ ఇబ్బంది ఏమిటి?"

"పాట వినపడట్లేదు. మా వాళ్లు పాడితే అది గోల అనుకుంటోంది."

"అర్థమైంది. మీ చుట్టూ గోల ఎక్కువగా ఉంది. ఇంకాస్త తగ్గిస్తున్నాను."

"వద్దు! అది గోల కాదు తల్లీ, పాట!"

"తగ్గించాను. ఇప్పుడు హాయిగా ఉందా?"

మనిషితో మాట్లాడాలని ఎన్నిసార్లు అడిగినా మళ్లీ మొదటికే వచ్చింది. చివరికి ఫోను నెవెంకా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

సెయింట్ నికొలస్ పండగ నాడు చర్చి ముందు పాత పడవని తగలబెట్టి, మంటల దగ్గర క్లాపా పాడటం ఆనవాయితీ. దూయే గొంతు నరాలూ పెదవులూ చూసుకుంటూ పాడాడు వ్యెకో. జనంలో నెవెంకా తల దించుకుంది. అప్పుడే అతనికి అర్థమైంది, తాను ఎక్కడో శ్రుతి తప్పాడని.

పాట అయిపోయింది. చప్పట్లు అతనికి వినపడలేదు. మిషను వాటినీ, మంట చిటపటల్నీ తుడిచేసి, వెనక కొంచెం దూరంగా నిలబడ్డవాళ్ల మాటల్ని తెచ్చి చెవిలో పెట్టింది.

"పాటంతా కిందికి లాగేశాడు. ఎన్నాళ్లని భరిస్తాం, దూయే?"

"నేనెలా చెప్పేదిరా? వాడూ నేనూ కలిసి పెరిగాం. ఊరికే నోరు ఆడించరా అనమంటావా?"

"మెల్లిగా అను. వింటాడు."

"వాడికేం వినపడుతుంది, పాపం!"

ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

కాసేపటికి దూయే వచ్చి భుజం తట్టాడు. "అదరగొట్టావురా!"

"ఆ, బాగానే కుదిరింది," అన్నాడు వ్యెకో.

ఆ తర్వాత సాధనకి వెళ్లలేదు. దూయే ఇంటికొస్తే మోకాలు నొప్పన్నాడు. రమ్మని బలవంతపెడతాడేమోనని చూశాడు. దూయే బలవంతం చెయ్యలేదు. వైను తాగి, చేపల ధరలు మాట్లాడి, తేలికపడ్డ మొహంతో వెళ్లిపోయాడు. పోస్టాఫీసు రోకోని మంద్రంలోకి తీసుకున్నారు.

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం నెవెంకా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆమె గడ్డం కదలడం చూశాడు.

"ఏంటే నములుతున్నావ్?"

"నమలడమేంటి? పాడుకుంటున్నా. పొద్దుట్నుంచీ అదే పాట."

"మళ్లీ పాడు."

ఆమె కత్తి పక్కన పెట్టి, అతని వైపు తిరిగి పాడింది. అతను కళ్లార్పకుండా పెదవులు చూస్తూ కూర్చున్నాడు.

"వినపడిందా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. "లేదే," అన్నాడు.

నెవెంకా కత్తి అందుకుని దుంపల పని కానిచ్చింది. అటుపైన అతని ఎదుట ఆమె ఎప్పుడూ పాడలేదు.