గొడుగు బుడతడి చేతులు

మొన్న డబ్లిన్ నుంచి డండాక్ వెళ్లే రైల్లో ఎదురు సీటులో ఒక జపాన్ పెద్దాయన కూర్చున్నారు. వీడియో గేములు తయారుచేసి రిటైరయ్యారట. డండాక్ కాలేజీలో పిల్లలతో మాట్లాడడానికి వెళ్తున్నారు. తన మొదటి గేములోని బొమ్మను ఫోన్లో చూపించారు: గొడుగు పట్టుకున్న బుడతడు.

బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు సాయంత్రాలు వాడే తోడు.

"వీడు నాకు తెలుసండీ. అమ్మ దీపం పెట్టమని పిలిస్తే ఆట వదిలి వెళ్లేదాన్ని. తిరిగొచ్చేసరికి చేతులు జోడించి కూర్చుని ఉండేవాడు. నాతోపాటు దణ్ణం పెట్టుకుంటున్నాడనుకునేదాన్ని."

ఆయన ముందుకు వంగారు.

"దణ్ణం కాదు మేడమ్, భోజనం. మా ఇళ్లలో తినేముందు అలా చేతులు జోడిస్తాం. ఆడేవాళ్లు కాసేపు ఆగితే వాడు తినడానికి కూర్చోవాలని పెట్టాను. 'ఎవరూ ఆగరు, తీసెయ్' అని మా బాస్ గొడవ. తీయకుండా దాచేశాను. ముప్పై ఏళ్లలో, చూశామన్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు."

"నేను రోజూ చూశానండీ."

"బాస్ పోయారు. లేకపోతే ఇప్పుడే ఫోన్ చేసేవాణ్ణి," అని నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అప్పట్లో ఆట మధ్యలో పిలిచిందని అమ్మ మీద విసుక్కునేదాన్ని. అలా పిలిచినందుకు ఆ రైల్లోనే అమ్మకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.