గాలి బాబాయి బిగబట్టిన ఊపిరి

మా వీధిలో అందరికీ ఆయన గాలి బాబాయి. పార్కులో మనుషుల్ని సీట్లతో సహా ఆకాశంలోకి ఎగరేసే టవర్ ఉంది చూడండి, దాని కింద గాలిగదిలో ఆయన పని. ఆ సీట్లని మోటారు లాగుతుందనుకునేవాణ్ణి. కాదురా, గాలే అని ఎంత ఓపిగ్గా చెప్పాడో. కంప్రెసర్ బయటి గాలిని లాగి ఇనపట్యాంకుల్లో కుక్కి కుక్కి నింపుతుంది. వాల్వు తెరవగానే అది టవర్ లోపలి పొడవాటి గొట్టంలోకి దూకి, పిస్టన్‌ని కిందికి తోస్తుంది. పిస్టన్‌కి కట్టిన ఉక్కుతాడు పైనున్న చక్రం మీదుగా వచ్చి సీట్లని పట్టుకుని ఉంటుంది. ఇది దిగితే అవి లేస్తాయి. సీట్లు కిందికొచ్చేటప్పుడు గొట్టంలో మిగిలిన గాలి నలిగి పరుపులా అడ్డుపడుతుంది. సైకిల్ పంపు మూతికి వేలు అడ్డంపెట్టి నొక్కితే పిడి వెనక్కి తన్నదూ, అంతేనట.

బాబాయికి ఒక అలవాటుంది. ట్యాంకు నిండుతున్నంతసేపూ మీటరు ముల్లు చూస్తూ ఊపిరి బిగబడతాడు. ఇంట్లో పాలు పొంగొస్తున్నా అంతే. మీరు ఊపిరి పట్టుకుంటే పాలు ఆగుతాయా, గిన్నె దించాలిగానీ అని పిన్ని దెప్పుతుంది.

పిన్నిది అదే పార్కులో సీట్లు తుడిచే పని. పొద్దున్నే జనం రాకముందు పనివాళ్లతో ఒక ట్రిప్పు తిప్పి చూస్తారు. ఏళ్లుగా పిన్ని అందులో ఎక్కుతోంది. బాబాయి ఒక్కసారీ ఎక్కలేదు. ఆయనకి ఎత్తంటే భయం. ఇంట్లో బల్బు మార్చాలన్నా పిన్నే స్టూలెక్కాలి.

ఈమధ్య కొత్త మేనేజరొచ్చి, గాలి చూసేవాళ్లు కూడా ఆ ట్రిప్పు ఎక్కాల్సిందేనన్నాడు. ఎక్కనంటే పార్కింగ్ గేటుకి మారాలి. బాబాయికి ముద్ద దిగలేదు. అక్కడ హారన్లు తప్ప ఏముంటాయిరా, నా గాలి ఎక్కడుంటుందిరా అని నా దగ్గర దిగులుపడ్డాడు.

ఎక్కాల్సిన పొద్దున ట్యాంకులు నింపేసి, గుమ్మంలోనే నిలబడిపోయాడట. పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ నన్నెవరు పైకి పంపారనుకున్నారు? మీ గాలేగా."

"నువ్వు పిట్టంత ఉంటావు. నా బరువు మాటేంటి?"

"అదే చూసుకుంటుంది లెండి. ముందు మీరు కూర్చోండి."

నిజమే. ఎగరేసేముందు టవర్ సీట్లని కాస్త లేపి, బరువు చూసుకుని, దానికి సరిపడా గాలే వదులుతుంది. ఆ సంగతి పిన్నికి చెప్పింది కూడా ఆయనే.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నాక సీట్లు కాస్త లేచి ఆగాయి. బాబాయి ఊపిరి బిగబట్టాడు. తర్వాత నేల తనంతట తానే జారిపోయిందట. పైన ఒక్క క్షణం ఒంట్లో బరువన్నదే లేదట. ఒళ్లోని చేతులు ఎవరో పిలిచినట్టు లేచాయట. కింద గాలిగది రేకుల కప్పు అగ్గిపెట్టెంత. చుట్టూ పొగమంచులో మేడలు తేలుతున్నాయి, వాటి మీద ఆరేసిన బట్టలు నిద్రలో కదిలినట్టు కదులుతున్నాయి. ఇన్నేళ్లూ పిన్ని రోజూ ఇక్కడికొచ్చి వెళుతోందన్నమాట.

"ఇక వదలండి" అంది పిన్ని.

ఊపిరి వదిలాడు. పడుతున్న ఇద్దర్నీ గాలి పట్టుకుంది. కొంచెం ఎగరేసి, మళ్లీ పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు ఊపి కిందికి దించింది.

గాలిగది తాళంచెవి ఇప్పటికీ బాబాయి దగ్గరే ఉంది. పాలు పొంగొస్తుంటే ఇప్పటికీ బిగబడతాడు. పిన్ని మాత్రం దెప్పడం మానేసింది. నురగ అంచుదాకా రానిచ్చి, ఇక వదలండి అంటూ గిన్నె దించుతుంది.